సవరణ: హెన్యోలు ఊపిరి బిగపట్టేది పది నిమిషాలు కాదు

దక్షిణ కొరియా జేజు దీవిలో సముద్రంలో మునిగి నత్తలు, నాచు ఏరుకొచ్చే హెన్యో మహిళల గురించి మొన్న రాసిన పోస్టులో, వాళ్లు ఆక్సిజన్ లేకుండా పది నిమిషాలు నీళ్లలో ఉంటారని రాశాను. అది తప్పు. పది అన్నది లోతు, మీటర్లలో. ఊపిరి బిగపట్టేది ఒక్కో మునకకు సుమారు నిమిషం. 2016లో ఈ సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు యునెస్కో ఇచ్చిన వివరాల్లో ఇలాగే ఉంది. చదివేటప్పుడు మీటర్లను నిమిషాలుగా పొరబడ్డాను, పొరపాటు నాదే.

నిమిషమేగా అనిపించవచ్చు. కానీ అలా మునుగుతూ తేలుతూ రోజుకు ఏడు గంటల దాకా పనిచేస్తారు, వాళ్లలో ముసలమ్మలే ఎక్కువ. నాకైతే ఇదే పెద్ద విషయం.

ఇంకొకటి. పైకి తేలగానే వాళ్ల నోట వచ్చే ఈల లాంటి శబ్దాన్ని తోటివాళ్లకిచ్చే సైగ అని కొందరు అర్థం చేసుకున్నారు. నేను రాసిన తీరు అలా ఉంది. నిజానికి సుంబిసోరి అనే ఆ శబ్దం, బిగపట్టిన ఊపిరిని ఒక్కసారిగా వదిలే చప్పుడు. తెవాక్ అనే, నీళ్లపై తేలే గుండ్రటి ఆధారాన్ని పట్టుకుని, ఊపిరి వదిలి, మళ్లీ పీల్చుకుని, మళ్లీ మునుగుతారు.

పాత పోస్టులో కూడా మార్చాను.