పిల్లల పళ్ళ ప్లేటు గారికి ఒక డాక్టరు విన్నపం

గులాబీరంగు దేహులు, ఉక్కుతీగల భూషణులు, వంకరపళ్ళను సరిచేయుటకు నోట్లో పెట్టి తీయదగు పిల్లల పళ్ళ ప్లేటు గారి సముఖమునకు,

పేటలో చిన్న క్లినిక్ నడుపుకునే మామూలు పళ్ళ డాక్టరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరు నా బల్ల మీద కొలువుదీరిన నాటి నుంచి మన మధ్య ఏ పొరపొచ్చాలూ లేవు. పిల్లవాడి నోటి అచ్చు తీసి ల్యాబుకు పంపితే తమరు డబ్బాతో సహా విచ్చేస్తారు, నాకు అద్దె సొమ్ము వస్తుంది, తల్లిదండ్రులకు సకాలంలో ఏదో చేశామన్న తృప్తి వస్తుంది. ఒక్కోసారి రానిదల్లా పళ్ళ వరుసే.

ఎనిమిదేళ్ళ పిల్లకు పై ముందుపళ్ళు ఎడంగా, చెరోవైపు వాలి వస్తాయి. ఇంకా ఎముకలోనే ఉన్న కోరపళ్ళు పక్కపళ్ళ వేళ్ళను ఒత్తడం వల్ల అలా కనిపిస్తాయనీ, పదకొండు పన్నెండేళ్ళకు కోరపళ్ళు దిగినప్పుడు చాలామందిలో ఆ సందు దానంతట అదే మూసుకుంటుందనీ, తొందరపడి తీగతో లాగితే పక్కపళ్ళ వేళ్ళు కోరపళ్ళ దారికి అడ్డుపడవచ్చనీ మాకు కాలేజీలో చెప్పారు. పళ్ళవరుస వైద్యుడు బ్రాడ్‌బెంట్ ‘అగ్లీ డక్‌లింగ్’ (అందంలేని బాతుపిల్ల) దశ అన్నది దీన్నే. పరీక్షలో మార్కుల కోసం వ్రాసిన ఈ సంగతి, మనవరాలి పెళ్ళిచూపుల దాకా ఆలోచించి వచ్చిన అమ్మమ్మ గారి ఎదుట మాత్రం నా నోట రాదు. ‘ఆగండి’ అన్న మాటకు ఫీజు ఎంతని చెప్పను?

ఎత్తుపళ్ళ విషయమూ ఇంతే. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ పిల్లలను గుంపులుగా విడదీసి ఏళ్ళ తరబడి పరిశీలిస్తే, ఎనిమిది తొమ్మిదేళ్ళకే మొదలుపెట్టి రెండు విడతలుగా వైద్యం పొందినవారూ, కాస్త పెద్దయ్యాక ఒకే విడతలో ముగించుకున్నవారూ చివరకు ఇంచుమించు ఒకే చోట తేలారు. ముందు మొదలుపెట్టినవారికి దక్కిన స్పష్టమైన లాభం, కిందపడినప్పుడు ముందుపళ్ళు దెబ్బతినడం తగ్గడమే. గోడలెక్కే పిల్లల విషయంలో అది చిన్న లాభం కాదని ఒప్పుకుంటాను. ఆ మాట చెప్పి తమరిని అంటగట్టితే నాకు నిద్ర పడుతుంది కూడా.

తమరు నిజంగా కావలసిన నోళ్ళు వేరే ఉన్నాయి. పై ముందుపన్ను కింది పంటి వెనక చిక్కుకుని, కింది చిగురు దిగిపోతున్న పిల్లవాడికి తమ చిన్న స్ప్రింగు చేసే మేలు పెద్దయ్యాక అంత సులువుగా దొరకదు. కానీ అక్కడే తమరు నోట్లో నిలవరు. పెన్సిల్ డబ్బాలో కాపురం ఉంటారు, పెళ్ళిభోజనంలో కాగితంలో చుట్టుకుని విస్తరితో పాటు వెళ్ళిపోతారు, శుభ్రత పేరిట మరిగే నీళ్ళలో మునిగి వంకర తిరుగుతారు. తమరిని వెడల్పు చేసే స్క్రూ పావు తిప్పుకు పావు మిల్లీమీటరు మాత్రమే జరుగుతుంది, వారానికోసారి తిప్పమని తాళంచెవి ఇస్తే, ఒక తండ్రిగారు “ఊరెళ్ళాం కదా సార్, నాలుగు వారాలవీ నిన్న రాత్రే తిప్పేశాం” అన్నారు. అంగిట్లో పట్టని తమరిని ఆ రోజు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాను.

తమ బీద బంధువు స్పేస్ మెయింటెయినర్ గతి మరీ అన్యాయం. పుచ్చిన పాలదవడ పన్ను పీకేశాక, ఆరేళ్ళకు వచ్చిన పెద్ద దవడ పన్ను మెల్లగా ముందుకు జరిగి కొత్తపంటి చోటు ఆక్రమిస్తుందని, ఒక చిన్న తీగ కడితే ఆ చోటు నిలుస్తుందని చెబితే, “ఊడిపోయే పంటికి ఇంత ఖర్చెందుకండీ?” అంటారు. అడుగుతున్నది, నెల క్రితం చెల్లెలి పళ్ళ సందుకు తమరిని బేరమాడకుండా కొనుక్కెళ్ళిన తల్లిగారే.

ఈ సాయంత్రం ఆరింటికి ఒక ఎనిమిదేళ్ళ పాపను తీసుకొస్తామని ఫోన్ వచ్చింది. ముందుపళ్ళ మధ్య సందట. అమ్మమ్మ గారు కూడా వస్తున్నారట. తమరు దయచేసి ఆ ఒక్క గంట అలమారాలోకి వెళ్ళి కూర్చోండి. బల్ల మీద కనిపిస్తే ఆవిడ “ఇదే కదా డాక్టరుగారూ పెట్టేది?” అంటారు; నేను అవునంటాను.

ఇట్లు,
తమ పోషణలో ఉన్న
పళ్ళ డాక్టరు