బడి స్పీకరు గారికి ఒక పార్ట్‌టైం సంగీతం మాస్టారి లేఖ

గౌరవనీయులైన బ్లూటూత్ స్పీకరు గారికి,

మా ఉన్నత పాఠశాలలో సంగీతోపాధ్యాయులుగా చేరినందుకు అభినందనలు. నియామకపు ఉత్తర్వు నా కంటపడలేదు. అయినా ఉదయం ప్రార్థనకు మీరే, పంద్రాగస్టుకు మీరే, వార్షికోత్సవానికి మీరే, పై అధికారి వస్తే స్వాగత గీతానికీ మీరే. ఉద్యోగం ఎవరిదో వేరే చెప్పాలా?

మీ ఎంపికలో న్యాయం ఉంది. మీరు డీఏ అడగరు, పీఆర్సీ కోసం ధర్నాకు వెళ్లరు. లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆయన తరగతికి మిమ్మల్ని పంపలేరు. అక్కడికి నన్ను పంపుతారు. టైంటేబుల్లో శనివారం చివరి పీరియడ్‌కు ఎదురుగా ‘సంగీతం’ అని అందమైన చేతిరాతలో ఉంటుంది. ఆ గంటలో పదో తరగతికి స్లిప్ టెస్టు జరుగుతుంది. పేపర్లు పంచేది నేనే.

మీరు కొత్తవారు కనుక ఇక్కడి నిబంధనలు చెబుతాను. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులున్న బడిలో 100 మందికి మించి పిల్లలుంటే కళావిద్యకు పార్ట్‌టైం బోధకుణ్ణి పెట్టాలి. సరిగ్గా నూరుగురే ఉంటే అక్కర్లేదు. నూటొకటో పిల్ల వచ్చి చేరేదాకా మిగతా నూరుగురికీ పాటతో పని లేదన్నమాట! ఆ వచ్చిన బోధకుడు ఒక్కడే సంగీతమూ, బొమ్మలూ, నాటకమూ, నాట్యమూ అన్నీ చూసుకోవాలి, అదీ సగం పూటలో. ఆ తరువాత 2020 జాతీయ విద్యా విధానం కళలకూ శాస్త్రాలకూ మధ్య గోడలు ఉండరాదంది. మా బడిలో దీన్ని అక్షరాలా అమలు చేశారు. సంగీతం గది గోడ కొట్టేసి స్టోరు గదిలో కలిపారు.

ఇక మీ బోధన గురించి. మొన్న వార్షికోత్సవంలో మీరు వినిపించిన పాట శ్రుతి ఒక నేపథ్య గాయనికి కుదిరినది. మా ఎనిమిదో తరగతి అబ్బాయిలది గొంతు మారే వయసు. నిన్న అందిన పై షడ్జమం, అంటే పై ‘స’, ఇవాళ అందదు. మీరేమో దిగిరారు. దాంతో ముందు వరుసవాళ్లు అరిచారు, మధ్య వరుసవాళ్లు పెదవులు కదిపారు, వెనక వరుసవాళ్లు ఆ శ్రమ కూడా మానుకున్నారు. మీ మోతలో ఇదంతా ఎవరికీ తెలియలేదు. పిల్లలు అద్భుతంగా పాడారని ముఖ్య అతిథి మెచ్చుకున్నారు కూడా. కాస్త శ్రుతి తగ్గించమని అడిగితే మీకు వాల్యూం తగ్గించడం వచ్చు.

నాకు వచ్చిన పని చిన్నది. ఒక్కొక్కరి చేత ‘స’ పలికించి, ఆ గొంతు ఎక్కడ హాయిగా నిలుస్తుందో హార్మోనియం మెట్ల మీద వెతకడం. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలనే తొలి పాఠాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, పాడించడం. రెండో కాలానికి మారేటప్పుడు తాళం వేసే చేయి తొందరపడకూడదు, నోట స్వరాలు మాత్రమే రెట్టింపు కావాలి. ఇది పట్టుబడ్డ రోజున పిల్లల మొహాలు చూడాలి. మీకు కళ్లు లేవు, క్షమించండి.

పోస్టు కావాలని అర్జీ పెట్టుకున్నప్పుడల్లా, సంగీతం వస్తే లెక్కలు బాగా వస్తాయని ఒక వాక్యం రాయమంటారు మా శ్రేయోభిలాషులు. రాస్తూనే ఉన్నాను. లెక్కలు వస్తే పాట బాగా వస్తుందా అని లెక్కల మాస్టారిని మాత్రం ఎవరూ నిలదీయరు.

రోజూ మీరు 52 సెకన్లలో ముగించే జాతీయ గీతం ఉంది కదా, 1919లో ఠాగూర్ మదనపల్లె థియోసాఫికల్ కళాశాలలో బస చేసినప్పుడు, అక్కడి ప్రిన్సిపాల్ భార్య, సంగీతం చదువుకున్న మార్గరెట్ కజిన్స్ ఆ బాణీని స్వరలిపిలో రాసిపెట్టారు. అదే ఏడాది విజయనగరంలో సంగీత కళాశాల వెలిసింది, దానికి ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. అప్పటికి మీరు పుట్టకపోబట్టి ఇలా ప్రతిదానికీ మనుషుల్ని పెట్టుకోవలసి వచ్చింది, పాపం.

మీతో నాకు వైరం లేదు. మీ పెట్టె మీద వారంటీ ఒక సంవత్సరమని చదివాను. నా కాంట్రాక్టుకు అంత భరోసా కూడా లేదు, వేసవి సెలవులు అందులోంచి మినహాయింపు. తేడా ఏమిటంటే, చార్జింగ్ అయిపోతే మీ కోసం నలుగురు పరిగెత్తుతారు.

ఇట్లు,
మీ సహోద్యోగి (గౌరవ వేతనం మీద)

తా.క. హార్మోనియం తిత్తి చిరిగింది, మూడు రీడ్లు మూగబోయాయి. మరమ్మతుకు నేను పెట్టిన కాగితం ఆఫీసులో మీ రెండో చార్జరు కొనుగోలు ఫైలు కింద ఉందట. మీ మాట అక్కడ చెల్లుతుంది కదా, కాస్త ఆ ఫైలు పక్కకు జరిపించండి.