తాకట్టు విడిపించేది ఎవరు?

బల్లార్షాలో ఏ బ్యాంకు ముందు చూసినా, ఏ పత్‌సంస్థ (పరపతి సంఘం) ముందు చూసినా ఒక బోర్డు కనిపిస్తుంది: సోనే తారణ్ కర్జ్. బంగారం కుదువ పెట్టుకుని ఇచ్చే అప్పు. మరాఠీలో తారణ్ అంటే తాకట్టు. అదే మాట మరాఠీ చర్చిలో వినిపిస్తే దాని అర్థం రక్షణ. అక్కడ యేసు తారణారా, అంటే రక్షించేవాడు. మా ఆవిడ గొలుసు విడిపించడానికి క్యూలో నిలబడి గోడకేసి చూస్తుంటే ఈ రెండూ ఒకే మాట కదా అని తట్టింది. నా టోకెన్ నంబరు పిలిచింది కూడా వినిపించలేదు. వెనకాయన భుజం తట్టి ముందుకు నెట్టాడు.

మాది చంద్రపూర్ జిల్లా. బొగ్గు బావుల్లో, కాగితం మిల్లులో పనికని కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లం. మా ఇంటికి ఒక పక్క తెలుగు చర్చికి వెళ్లే అన్న, ఇంకో పక్క పంక్చర్లు వేసే భాయ్. నేను అటూ కాదు, ఇటూ కాదు, ఇద్దరిళ్ల పండగ భోజనాలూ తిన్నవాణ్ణి. రక్షణ గురించి క్రైస్తవం, ఇస్లాం ఏమంటాయో ముందు వీళ్ల మాటల్లోనే విన్నాను. పుస్తకాలు ఆ తర్వాత తిరగేశాను.

యూట్యూబ్ చర్చల్లో ఒక తీర్పు ఎప్పుడూ రెడీగా ఉంటుంది: క్రైస్తవులకు నమ్మితే చాలు, ముస్లింలకు మంచి పనులు చేస్తేనే స్వర్గం. ఇది రెండు వైపులా తప్పే. 'కృపచేతనే రక్షింపబడియున్నారు' అని ఎఫెసీయులకు రాసిన పౌలే, 'భయముతోను వణకుతోను మీ సొంత రక్షణను కొనసాగించుకొనుడి' అని ఫిలిప్పీయులకు రాశాడు. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు పత్రిక చెబుతుంది. 16వ శతాబ్దంలో పశ్చిమ చర్చి చీలిన ముఖ్య కారణాల్లో ఈ ముడి ఒకటి. దీని మీద లూథరన్లు, కేథలిక్కులు కలిసి ఒక ప్రకటనకు సంతకాలు పెట్టడానికి 1999 దాకా పట్టింది. ఇక ఇటు చూస్తే, కేవలం తన కర్మల వల్ల మీలో ఎవరూ స్వర్గానికి పోరని ప్రవక్త చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు సంకలనాల్లోనూ ఉంది. మీరు కూడానా అని అడిగితే, నేను కూడా, అల్లాహ్ తన కారుణ్యంతో కప్పితే తప్ప, అన్నారాయన. మరి త్రాసు దేనికి? తూకం బరువెక్కినవాడికి సుఖం, తేలికైనవాడికి అగ్ని అని ఖురాన్ 101వ సూరా (అధ్యాయం) సూటిగానే చెబుతోంది కదా. అంటే చిక్కు ఇద్దరికీ ఉంది.

అసలు తేడా నాకు ఆ బోర్డు దగ్గరే దొరికింది. రెండు గ్రంథాలూ మనిషిని చెరలోనో కుదువలోనో ఉన్నవాడిగా చూశాయి. మార్కు సువార్త 10వ అధ్యాయంలో యేసు, తన ప్రాణాన్ని అనేకులకు ప్రతిగా విమోచన క్రయధనంగా ఇవ్వడానికి వచ్చానంటాడు. క్రయధనం అంటే చెర విడిపించడానికి కట్టే సొమ్ము. ప్రతి ప్రాణీ తాను సంపాదించుకున్నదానికి తాకట్టుగా ఉందని ఖురాన్ 74వ సూరా అంటుంది. అక్కడి అరబ్బీ మాట రహీనహ్. పాత దస్తావేజుల్లో కనిపించే రెహన్ దాని చుట్టమే. భాయ్‌కి ఈ సంగతి చెబితే నవ్వాడు. "దుకాణం రెహన్ పెట్టినోనికి ఇది వేరే చెప్పాల్నా భయ్యా?"

ఆ తాకట్టు ఎవరు పెట్టారు? క్రైస్తవం ప్రకారం ఆదాము పెట్టాడు, మనం అందులోనే పుట్టాం. ఈ మాటకు బిగింపు తెచ్చినవాడు అగస్టీన్ అనే క్రైస్తవ వేదాంతి, 5వ శతాబ్దం మొదట్లో. తండ్రి అప్పుతో పుట్టడమంటే ఏమిటో విదర్భ రైతుకు వివరించక్కర్లేదు. (ఆర్థడాక్స్ చర్చిలు పాపాన్ని అప్పు కంటే రోగంగానే ఎక్కువ చూస్తాయి. వాళ్లను ఈ పోలికలో ఇరికించడం అన్యాయం.) ఇస్లాంలోనూ ఆదాము తప్పు చేశాడు, కానీ ఆ లెక్క అక్కడితోనే తెగిపోయింది. 2వ సూరాలో ఆయన ప్రభువు దగ్గర కొన్ని మాటలు నేర్చుకుంటాడు, క్షమాపణ దొరుకుతుంది, పిల్లలకు బాకీ మిగలదు. ప్రతి బిడ్డా స్వచ్ఛంగానే పుడుతుంది, పెద్దయ్యాక మరిచిపోతుంది. మరుపుకు మందు గుర్తు చేయడం. అందుకే అక్కడ ప్రవక్తలు వస్తారు తప్ప రక్షకుడు రాడు. అజాన్‌లో మనకు రోజూ వినబడేది కూడా ఫలాహ్, అంటే సాఫల్యం. రక్షణకు దగ్గరగా ఉండే నజాత్ అనే మాట ఖురాన్ మొత్తంలో ఒక్కచోటే, 40వ సూరాలో, వస్తుంది.

హెబ్రీయులకు రాసిన పత్రికలో తెలుగు బైబిలు యేసును పూటకాపు అంటుంది. మంచి పాత మాట. ఇప్పుడు మా అన్న కూడా వాడడు, జమానత్ అంటాడు. ఒకడి బాకీకి ఇంకొకడు నిలబడటం. ఖురాన్ సరిగ్గా ఇక్కడే ఒప్పుకోదు. బరువు మోసే ఏ ప్రాణీ ఇంకొకరి బరువు మోయదనే మాట అయిదు సూరాల్లో వస్తుంది. పైసల బాకీ సంగతి వేరు. అప్పు తీర్చకుండా పోయిన ఒకతని జనాజా నమాజు (అంత్యక్రియల ప్రార్థన) చేయించడానికి ప్రవక్త వెనకాడితే, అబూ ఖతాదా అనే సహచరుడు ఆ అప్పు నాది అన్నాడట, అప్పుడు నమాజు చేయించారట. దీనార్లకు పూటకాపు ఉంటాడు, పాపానికి ఉండడు.

మహారాష్ట్రలో 2017లో ఒకసారి, 2019లో మళ్లీ కర్జ్‌మాఫీ, అంటే రైతుల రుణమాఫీ, ప్రకటించారు. మా చాయ్ బండి దగ్గర అది వేదాంతంలోకి దిగింది. "అల్లా మాలిక్, మాఫ్ చేస్తే అయిపాయె. నడుమ ఒకరు సచ్చుడెందుకు?" అన్నాడు భాయ్. ఖురాన్ 4వ సూరా ప్రకారం ఈసాను, అంటే యేసును, చంపనూ లేదు, సిలువ వేయనూ లేదు, కాబట్టి భాయ్ లెక్కలో ఆ సొమ్ము అసలు కట్టనే లేదు. అన్న ఊరుకోలేదు. "మాఫీ అంటే బాకీ గాలిలో కలుస్తదా? సర్కారు బ్యాంకుకు కట్టలేదా? ఎవడో ఒకడు కట్టాల్సిందే." అన్నకు తెలియకపోవచ్చు గానీ, 11వ శతాబ్దం చివర ఆన్సెల్మ్ అనే క్రైస్తవ వేదాంతి అల్లిన వాదం దీనికి దగ్గరగానే ఉంటుంది: బాకీ మనిషిది, తీర్చగల శక్తి దేవుడిది, అందుకే దేవుడు మనిషై రావలసి వచ్చింది. భాయ్ గ్లాసు కింద పెట్టాడు. "బ్యాంకు వేరే, సర్కారు వేరే, అందుకని కట్టిండ్రు. మాలికే నోటు చింపితే ఎవరికి కట్టాలె?" అన్నకు డ్యూటీ టైమైంది, లేచిపోయాడు. ఈ రెండు మతాల మధ్య ఇంతకంటే పదునైన ప్రశ్న నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

ఇంకో తేడా వ్యాకరణంలో ఉంది. అన్న 'రక్షింపబడ్డాను' అంటాడు, భూతకాలం. భాయ్ 'ఇన్షా అల్లాహ్' అంటాడు, భవిష్యత్తు, అదీ షరతుతో. 2024లో గుడ్ ఫ్రైడే రంజాన్ నెలలో పడింది. మార్చి 29 మధ్యాహ్నం చర్చి మైకులో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఆరోది నడుస్తోంది, 'సమాప్తమైనది' అని. అదే పూట జుమ్మా నమాజు ముగించుకుని ఇంటికి వస్తున్న భాయ్‌కి ఇంకా 12 రోజాలు మిగిలే ఉన్నాయి. రశీదు చేతిలో ఉన్నవాడి ధీమా నాకు ఒక్కోసారి చిరాకు తెప్పిస్తుంది, దాచడమెందుకు. అయితే ఆ ధీమా క్రైస్తవులందరిదీ కాదు. 16వ శతాబ్దంలోనే కేథలిక్కుల ట్రెంట్ మహాసభ దాన్ని తోసిపుచ్చింది. అటు భాయ్‌కి ఉన్న భయం, ఆశల కలగలుపులో వినయం ఉంది, టెన్షనూ ఉంది.

మరి నాలాంటివాడి సంగతి? 1111లో చనిపోయిన ఇస్లాం పండితుడు గజాలీ, ఇస్లాం సందేశం సరిగా అందనివాళ్లను దేవుని కారుణ్యం కలుపుకుంటుందని రాశాడు. 1964లో రెండో వాటికన్ మహాసభ రక్షణ ప్రణాళికలో ముస్లింలను కూడా చేర్చి మాట్లాడింది. నాకు ఆ ఇస్లాం సందేశం ఇన్నేళ్లుగా అందుతూనే ఉంది, పైగా చాయ్‌తో పాటు. కాబట్టి గజాలీ సాకు నాకు చెల్లదేమో.

కిందటేడు మా లైన్‌లో ఆటో నడిపే ముసలాయన పోయాడు. జనాజా నమాజులో రుకూ (వంగడం) ఉండదు, సజ్దా (సాష్టాంగం) ఉండదు, నిలబడే చేస్తారు. పోయినవాణ్ణి క్షమించమని అడగడం దానికి గుండెకాయ. అన్న వాళ్ల చర్చి సమాధి కూడికలో అలా అడగరు. రక్షణ అప్పటికే తేలిపోయిందని వాళ్ల లెక్క, అక్కడ చేసేది కృతజ్ఞతా ప్రార్థన. ముసలాయన జనాజాలో అన్నా నేనూ కొంచెం దూరంగా నిలబడ్డాం. నమాజుకు ముందు పెద్దకొడుకు గొంతు పెంచి, మా నాన్నతో ఎవరికైనా లేనాదేనా ఉంటే చెప్పండి, నేను తీరుస్తా, లేదంటే మాఫ్ చేయండి అన్నాడు. ముసలాయన నాకు 600 రూపాయలు ఇవ్వాలి. అందరి ముందూ మాఫ్ అన్నాను.

తిరిగి వస్తుంటే అన్న అడిగాడు, "ఆ ఆరొందలు ఎవరు కట్టినట్టు తమ్మీ?"

ఎవరూ కట్టలేదన్నాను.

"నీ జేబుల కెళ్లి పోయినయి గదా. నువ్వే కట్టినవ్."

వెనక వస్తున్న భాయ్‌కి వినబడింది. "కట్టుడేంది అన్నా, పైసలు ఈనవి, మాఫ్ చేసిండు" అన్నాడు.