ఆ 37 సీసీ మోసం కాదు నాయనా

కవాసాకి జెడ్ఎక్స్-6ఆర్ బైకు పేరెత్తితే చాలు, "అది 636 సీసీ కదా, అసలైన ఆరొందల బండి కాదు, 37 సీసీ ఎక్కువ పెట్టి మోసం చేశారు" అంటారు. ఆ మాట అనేవాళ్లలో ఎంతమంది దాన్ని మన రోడ్డు మీద తోలారో నాకు అనుమానమే.

మొన్న ఏప్రిల్లో నెల్లూరు నుంచి మైపాడుకు దాని మీద పోయొచ్చాను. బండి మా బావది. లక్షలు పోసి కొనే బండి నాకెక్కడిది! ఊరు దాటకముందే రేడియేటర్ ఫ్యాన్ గాలికి తొడలు ఉడికిపోయాయి. అవతల సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చారు. "వడ్ల మీదికి రాబాక అబ్బయ్యా" అని ఒక పెద్దాయన కేక. మిగిలిన సగంలో ఎదురుగా రొయ్యల మేత బస్తాల ఆటో. రెండో గేర్లో పాక్కుంటూ పోయి, సందు దొరగ్గానే యాక్సిలరేటర్ తిప్పితే, గేరు దించకుండానే బండి లాగేసింది.

1995లో పుట్టినప్పుడు ఇదీ 599 సీసీయే. అప్పట్లో ఈ తరగతి రేసుల్లో నాలుగు సిలిండర్ల బండి 600 సీసీ దాటకూడదు మరి. ఆ గీత లోపలే పవర్ కావాలంటే ఇంజన్‌ను ఇంకా ఇంకా వేగంగా తిప్పాలి. ఆ పిచ్చి ఎందాకా పోయిందంటే, 2006 యమహా ఆర్6కి 17,500 ఆర్పీఎం, అంటే ఇంజన్ నిమిషానికి అన్ని చుట్లు తిరుగుతుందని చాటుకున్నారు. తీరా చూస్తే మీటరే వెయ్యికి పైగా ఎక్కువ చూపిస్తోంది! నచ్చకపోతే బండి వెనక్కి తీసుకుంటామని కంపెనీయే చెప్పుకోవాల్సొచ్చింది. రేస్ ట్రాక్ మీద ఆ అరుపు అందమే, కాదనను. మైపాడు రోడ్డులో దాన్నేం చేసుకోను?

కవాసాకి 2002లోనే ఆ గీత దాటింది. 2007లో మళ్లీ 599కే పోయింది, అదెందుకో నాకు మింగుడుపడదు. 2013లో బుద్ధొచ్చింది. పిస్టన్ వెడల్పు 67 మిల్లీమీటర్లు అట్టాగే ఉంచి, స్ట్రోక్, అంటే పిస్టన్ కిందికీ మీదికీ కదిలే దూరం, 42.5 నుంచి 45.1కి పెంచారు. దాంతో 599 కాస్తా 636 అయింది. స్ట్రోక్ పెరిగింది ఒక వడ్లగింజ అడ్డం కొలతంత. కింది ఆర్పీఎంలోనే బండి లాగిందంటే ఆ గింజంత చలవే. దీన్ని మోసం అంటే ఎట్టా?

అటు ఆర్6 యూరప్ రోడ్ల మీద అమ్మకం 2020తో ఆగిపోయింది. ఇది మాత్రం 2024లో మన దేశంలోకి మళ్లీ వచ్చింది.

బండి తిరిగిస్తుంటే మా బావ వంగి, వెనక టైరు గాడిలో ఇరుక్కున్న వడ్లగింజను గోటితో తీస్తూ అడిగాడు.

"ఎంతలో తోలావురా?"

"నలభై" అన్నాను.