మహారాజశ్రీ ‘ఏం కాదులే’ గారికి

మహారాజశ్రీ ‘ఏం కాదులే’ గారికి నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి అందామనుకున్నా గానీ కుశలం మీకే, నాకు పోయినేడు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 9.4 వచ్చింది. 6.5 వస్తేనే షుగర్ కింద లెక్క, మనం ఇంకో మూడు పాయింట్ల దాకా కలిపి తెచ్చుకున్నాం. మనం అని ఎందుకంటున్నానంటే అందులో మీ వాటా చిన్నదేం కాదు.

మీరెప్పుడూ ఒంటరిగా రారు, ఎవరో ఒకరి నోట్లో కూర్చుని వస్తారు. డాక్టరుగారు “మూడు నెలలు టైమిస్తున్నా, తిండి మార్చి బరువు తగ్గు, లేదంటే ఇన్సులిన్ మొదలెడదాం” అన్న వారానికే రావులపాలెంలో మా పిన్ని నోట్లోంచి దిగారు. విస్తట్లో రెండు బూరెలు, ఒక్కోదానికి వేలితో గుంట చేసి అందులో నెయ్యి. వద్దు పిన్నీ అంటే “పంచదార కాదురా, బెల్లం, ఏం కాదులే”. బెల్లం, పంచదార ఒకే చెరుకు కడుపున పుట్టిన అన్నదమ్ములు, ఒకడు స్నానం చేసొచ్చాడు ఇంకోడు చెయ్యలేదు, అంతే తేడా. ఈ మాట పిన్నితో అనే ధైర్యం లేక తినేశా. రెండు గంటలాగి బాబాయి షుగర్ మీటరుతో (ఆయనా మీ భక్తుడే) చూస్తే 287.

అప్పుడు నేనూ ఓ మీటరు కొన్నా. నాలుగు ఇడ్లీలకి 231, రెండు పెసరట్లకి 156, మీరు చెప్పిందొకటి అది చూపించేదొకటి. మిల్లెట్లంటే మీకు మరీ మోజు, “కొర్రన్నమేగా, ఏం కాదులే” అని కంచంలో గుట్ట పోయించారు. కొర్రల్లోనూ పిండిపదార్థమే ఉంటుంది సార్, పీచు వల్ల కాస్త నెమ్మదిగా ఎక్కుతుందేమో గానీ గుట్ట గుట్టే. తెలంగాణ సోనా బియ్యానికి గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక షుగర్ ఎంత వేగంగా ఎక్కుతుందో చెప్పే లెక్క) తక్కువని పేరు, “షుగర్ రైస్ అండీ” అన్న షాపాయన మాట పట్టుకుని మా ఇంట్లో రెండు గ్లాసుల ఎసరు కాస్తా మూడు గ్లాసులు చేయించిన ఘనత కూడా తమరిదే.

చివరికి నాకు పనికొచ్చింది భోజనం వరస తిరగేయడం, ముందు బెండకాయ కూర, పప్పు, గుడ్డు, ఆఖర్న చిన్న గిన్నెడు మజ్జిగన్నం, తర్వాత డాబా మీద పదిహేను నిమిషాల నడక. మొదటిరోజు మా ఆవిడ “అన్నం లేకుండా ఉత్తి పప్పు తాగడమేంటండీ, జబ్బు మనిషిలా” అంది. జబ్బు మనిషినే కదా మరి.

బరువు 84 నుంచి 79కి రాగానే మీరు పార్టీ ఫిరాయించారు. నిన్నటిదాకా తినమన్నవాళ్లే ఇప్పుడు పూర్తిగా మానేయమన్నారు, డాక్టరుకి చెప్పకపోయినా ఏం కాదులే అన్నారు. నేనేమో అన్నం మొత్తం ఆపేసి గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం పాత డోసే వేసుకుంటున్నా, ఆ మాత్రకి నేను తిన్నానా లేదా అనవసరం, ఇన్సులిన్ పిండుతూనే ఉంటుంది. ఓ రాత్రి పదకొండింటికి చల్లటి చెమటలు, చేతులు వణుకు, మీటర్లో 58, షుగర్ మరీ పడిపోయింది. మా ఆవిడ అటకెక్కించిన పంచదార డబ్బా దింపి మూడు చెంచాలు నీళ్లలో కలిపిచ్చింది. ఆ ఏడాదంతా నేను నిజాయితీగా తీసుకున్న పంచదార అదొక్కటే. పొద్దున్నే డాక్టరుగారు మాత్ర సగం చేసి, తిట్టడం డబుల్ చేశారు.

వాట్సాప్‌లో మీ ప్రతాపం వేరు. బ్రిటన్‌లో టైప్ టూ షుగర్ ఉన్నవాళ్ల మీద చేసిన ‘డైరెక్ట్’ అనే ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి, రోజుకి సుమారు 850 కేలరీల షేకులూ సూపులతో మూడు నుంచి ఐదు నెలలుంటే, ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులోకొచ్చింది. మీరు ఆ 46 ఒక్కటే ఫార్వర్డ్ చేయించారు. వాళ్లకి షుగర్ వచ్చి ఆరేళ్లు దాటలేదని, ఇన్సులిన్ మీదున్నవాళ్లని అసలు తీసుకోలేదని, రెండో ఏటికి ఆ 46 కాస్తా 36 అయిందని మాత్రం నొక్కేశారు.

ఇవన్నీ భరించా గానీ, మా వీధిలో టైప్ వన్ (ఒంట్లో ఇన్సులినే తయారుకాని షుగర్) ఉన్న పిల్లాడి తల్లితో “ఇన్సులిన్ ఆపి కాకర రసం పట్టించమ్మా, ఏం కాదులే” అనిపించారు చూడండి, అక్కడ మిమ్మల్ని తన్నాలనిపించింది. 1922లో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పిల్లాడికి మొదటి ఇన్సులిన్ సూది పడేదాకా అలాంటి పిల్లలు ఎన్నాళ్లు బతికేవాళ్లో మీకు తెలీదా?

ఇప్పుడు నాది 6.7. ఇన్సులిన్ ఇంకా మొదలుపెట్టలేదు, “అవసరమైతే పెడదాం, అదేం శిక్ష కాదు” అన్నారు డాక్టరుగారు. ఆయన నోట్లో మాత్రం మీకు చోటు దొరికినట్టు లేదు.

ఆదివారం గృహప్రవేశం. పిన్ని ఫోన్ చేసి “నీకు విడిగా తాటిబెల్లంతో సున్నుండలు చేశానురా” అంది, ఆ మాట చివర మీరు గొంతు సవరించుకోవడం నాకు వినబడింది. వస్తున్నా. మీటరు నేనే తెస్తా, స్ట్రిప్పుల ఖర్చు మాత్రం ఈసారి మీది.

ఇట్లు,
తమ పాత భక్తుడు