మాడ్యులర్ ఇల్లు గారికి, కోనసీమ నుంచి

మహారాజశ్రీ మాడ్యులర్ ఇల్లు గారికి ఒక కొబ్బరి రైతు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మా అబ్బాయి హైదరాబాద్ నుంచి మీ బ్రోచరు ఫోన్లో పంపాడు. ఆర్కిటెక్టు గీసిన డిజైను, ఫ్యాక్టరీలో తయారైన గోడలు. లారీ దిగిన 45 రోజుల్లో నిలబడిపోతారట. ధర కూడా సామాన్యుడికి అందేదేనట. ఆ ధర పక్కన చిన్న చుక్క ఉంది. కళ్లజోడు పెట్టుకుని అడుగున చూస్తే ‘పునాది, రవాణా, క్రేను అదనం’ అని కనపడింది.

అయ్యా, మా దగ్గర సగం ఇల్లు పునాదే. నల్ల జిగురుమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు తీస్తుంది. స్థలమేమో రోడ్డుకంటే పల్లం. బొండుమట్టి తోలించి మెరక చెయ్యాలి, అది ఒక వానాకాలం తడిసి కూర్చోవాలి, ఆ తర్వాత పైల్స్ దింపాలి. అప్పుడు మిగిలేవి గోడలు. అవి మా తాపీమేస్త్రి ఎలాగూ లేపేస్తాడు. మీరు మిగులుస్తామంటున్నది ఆ గోడల దగ్గరే! ఇక కాలవ వంతెన మీద మీ లారీ తిరగదు. కొబ్బరిచెట్లు కొట్టకుండా క్రేను చెయ్యి చాపలేదు. లంకల్లో వాళ్లు పిలిస్తే మీరు పంటు పడవెక్కి గోదారి దాటాలి.

ఇవన్నీ సర్దుకుంటాం. వాస్తులో చూసే ఆయం సంగతేమిటి?

మీ గోడ పలక (ప్యానెల్) వెడల్పు నాలుగడుగులు. ఇల్లు ఎటు పెరిగినా ఆ లెక్కలోనే పెరగాలి. మా సిద్ధాంతిగారు పొడవు వెడల్పులు అడుగుల్లో గుణించి, తొమ్మిదితో హెచ్చవేసి, ఎనిమిదితో భాగిస్తారు. ఒకటి మిగిలితే ధ్వజాయం, మూడైతే సింహాయం, అయిదు వృషభాయం, ఏడు గజాయం. బేసి మిగిలితే శుభం. ఏమీ మిగలకపోతే కాకాయం. మీ 24 × 36 ఇంటికి కాకాయం వచ్చింది. 28 × 40 చూశాం, మళ్లీ కాకే. మావాడు ఇంజినీరు కాబట్టి కాగితం తీసి తేల్చాడు: నాలుగడుగుల పలకలతో కడితే వైశాల్యం ఎప్పుడూ పదహారుతో నిశ్శేషంగా పోతుంది. అంటే మీ వంశం మొత్తానిదీ కాకాయమే! సిద్ధాంతిగారు వెంటనే పరిహారం చెప్పారు: 23 × 37. సింహాయం. మీ కుర్రాడికి ఫోన్ చేస్తే ‘ప్యానెల్ కొయ్యకూడదు సార్, వారంటీ పోతుంది’ అన్నాడు. వారంటీ పదేళ్లేనటండీ. కాకాయం మనవల దాకా వస్తుంది.

కేంద్రం 2021లో ఆరు నగరాల్లో లైట్ హౌస్ ప్రాజెక్టులకి, అంటే కొత్త పద్ధతుల్లో త్వరగా కట్టే ఇళ్లకి, శంకుస్థాపన చేసింది, ఇండోర్‌లో శాండ్‌విచ్ ప్యానెళ్లతోనే కట్టారు. సంతోషం. కానీ ఇండోర్‌కి సముద్రం లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి మా తోటలు ఎలా పడుకున్నాయో మీ బోల్టులకి ఎవరైనా చెప్పారా? ఉప్పుగాలి గురించైనా?

చిలీలో అలెహాండ్రో అరవేనా అనే ఆర్కిటెక్టు 2004లో పేదలకి సగం ఇళ్లు కట్టించి, మిగతా సగం మీకు వీలైనప్పుడు కట్టుకోండన్నారు. తర్వాత ఆయనకి ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చింది. ఇవ్వాల్సిందే. కాకపోతే మా ఊళ్లో శ్లాబు మీద చువ్వలు వదలని ఇల్లు ఒక్కటి చూపించండి. పెద్దాడి పెళ్లికని వదిలిన చువ్వలు చిన్నాడి పెళ్లికి తుప్పు పట్టినా సరే, పై అంతస్తు మీద ఆశ అలాగే నిలబడి ఉంటుంది. మీ నెత్తిన చువ్వలేవీ? చుట్టాలు వచ్చి ‘పైన ఎప్పుడు వేస్తున్నారు?’ అనడగకపోతే అదేం గృహప్రవేశం?

విప్పి బిగించే విద్య మీదేనంటారా, మా తాతగారి మండువా లోగిలి చూడలేదు మీరు. స్తంభాలు, దూలాలు, వాసాలు, ద్వారబంధాలు, పెంకులు, అన్నీ ఊడదియ్యొచ్చు. ఊడదీసి అమ్మేశాం కూడా. ఆ టేకు స్తంభాలు ఇప్పుడు ఏదో రిసార్టులో వరండా మోస్తున్నాయి.

కాబట్టి 23 × 37లో, చువ్వలతో సహా, పునాది కలిపి ఒకే ధర చెప్పి పంపండి. అడ్వాన్సు సంగతి వచ్చే కొబ్బరికాయల దింపు డబ్బులు చేతికొచ్చాక మాట్లాడుకుందాం.

ఇట్లు,
మెరక చేసి కూర్చున్న ఒక స్థలం యజమాని