ఎందుకు లేపాలో అడగకుండా బండి లేపేశారు

ఇప్పుడే ఇంటికొచ్చాను. సర్ఫు వేసి రెండుసార్లు తోమినా గోళ్ల సందుల్లో గ్రీజు పోలేదు. ఆ చేతులతోనే ఇది టైపు చేస్తున్నాను, ఎందుకంటే రేపటికి కోపం చల్లారిపోతుంది, చల్లారాక రాస్తే "పోనీలే, కుర్రాళ్లు" అని నా బండి ఎత్తు పెంచిన షాపువాళ్లని నేనే వెనకేసుకొస్తాను. ఈసారి అలా కాకూడదు.

నర్సీపట్నం నుంచి ఖాళీ బండితో పైకి వస్తున్నాను. లంబసింగి ఘాట్ సగం ఎక్కానో లేదో, స్టీరింగ్ ఎడమకి తిప్పినప్పుడల్లా కుడి ముందు చక్రం దగ్గర టక్ టక్ మని చప్పుడు. తిన్నగా పోతే లేదు, మలుపు వస్తే మళ్లీ మొదలు. పక్కకి ఆపి, వెనక చక్రానికి రాయి పెట్టి, ఫోన్ లైటు వేసుకుని కిందకి దూరాను. చక్రాన్ని తిప్పే కడ్డీ, అదే డ్రైవ్ షాఫ్ట్, దాని చివర జాయింటు మీద రబ్బరు బూటు ఉంటుంది కదా, హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా, ఆ మడతల్లో ఒకటి చుట్టూ చిరిగి నోరు తెరుచుకుని ఉంది. లోపలి గ్రీజంతా చిమ్మి రిమ్ము లోపలి వైపు నల్లగా చారలు కట్టింది. ఒక వేలితో తీసి రుద్ది చూశాను, గరగరలాడింది. రోడ్డు మీద ఇసుక అంతా అందులోనే ఉంది. అదే ఇసుక జాయింటు లోపలికి కూడా పోయి ఉంటుంది, అందుకే ఆ చప్పుడు. షాపులో లిఫ్ట్, అంటే బండి ఎత్తు పెంచే పని, చేయించి సరిగ్గా 18 రోజులు!

సిగ్నల్ దొరికే మలుపు దాకా నడిచి షాపుకి ఫోన్ చేశాను. "లిఫ్ట్ చేయించాక అవన్నీ మామూలేనన్నా, కొన్నాళ్లు తోలితే అదే సెట్టయిపోద్ది" అన్నాడు. చిరిగిన రబ్బరు తోలితే అతుక్కుంటుందా? నాకు ఒళ్లు మండింది ఆ మాటకే. డబ్బులు పోయినందుకు కాదు, బూటు చిరిగినందుకు కూడా కాదు. మామూలేనట!

నా బండి చాలామంది చూసే ఉంటారు, 2011 మోడల్ టాటా జెనాన్ పికప్, ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలూ లాగే బండి. 2017లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంజిన్ విషయంలో ఇప్పటికీ ఒక్క మాట అనడానికి లేదు. కాఫీ బస్తాలు, మిరియాలు, సిమెంటు, పెళ్లి సామాన్లు, పెళ్లివాళ్లు, అన్నీ మోసింది. పద్నాలుగేళ్లు దాటిన బండి కాబట్టి వెనక కమాన్ కట్టలు, అంటే బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు, కుంగిపోయాయి, ఖాళీగా ఉన్నా కూడా తోక కిందకి వేసుకుని నిలబడేది. లేపిద్దాం అనుకున్నది అందుకే.

వాళ్లు ఏం చేశారో చెప్తాను, మీలో ఎవరైనా చేయించుకోబోతుంటే వినండి. ఈ బండికి ముందు కాయిల్ స్ప్రింగులు ఉండవు, టార్షన్ బార్లు ఉంటాయి. పొడవాటి ఇనుప కడ్డీలు, ఒక చివర చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్‌కి, ఇంకో చివర ఛాసిస్ దగ్గర ఒక బోల్టుకి ఉంటాయి. ఆ బోల్టు బిగిస్తే కడ్డీ మెలితిరిగి బండి ముందు భాగం లేస్తుంది. అంతే. పైసా సామాను అక్కర్లేదు, పెద్ద స్పానర్ ఉంటే చాలు. వాళ్లు దాన్ని బిగించారు, ఎంత బిగించాలో అంత కాదు, ఎంత బిగుస్తుందో అంత. వెనకేమో కమాన్ కట్టకీ చక్రాల ఇరుసుకీ, అదే యాక్సిల్‌కీ, మధ్య రెండంగుళాల ఇనుప దిమ్మలు పెట్టి, పొడుగు యూ బోల్టులు వేసి బిగించేశారు. నాలుగు గంటల పని, 41 వేలు తీసుకున్నారు. బిల్లు అడిగితే "జీఎస్టీ పడుతుందన్నా, ఎందుకు" అన్నారు. మనకి బిల్లు ఇవ్వడం అంటే వాళ్లకి ప్రాణం పోయినట్టే, ఏ షాపులో చూసినా ఇదే, గ్యారంటీ అడిగితే "మేము ఎక్కడికి పోతామన్నా" అంటారు, తీరా అవసరం వచ్చినప్పుడు ఫోన్ ఎత్తరు. ఇతను ఎత్తాడు కదా అని సంతోషించాలేమో, ఎత్తి ఏమన్నాడో పైన రాశాను.

బోల్టు అంతలా బిగిస్తే ఏమవుతుందో వాళ్లకి తెలియదా? బండి లేస్తుంది కానీ ఇంజిన్ పక్కనున్న డిఫరెన్షియల్, అంటే చక్రాలకి బలం పంచే గేర్ల డబ్బా, ఛాసిస్‌తో పాటు పైకి పోతుంది, చక్రం కిందే ఉంటుంది, మధ్యలో ఉన్న డ్రైవ్ షాఫ్ట్ ఏటవాలుగా వంగిపోతుంది. ఆ వంపులో తిరిగి తిరిగి బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి. పై ఆర్మ్ వెళ్లి స్టాపర్ రబ్బరుకి ఆనుకుని కూర్చుంటుంది కాబట్టి చక్రం కిందకి దిగడానికి జాగా ఉండదు, చిన్న గుంటలో పడినా ధన్‌మని దెబ్బ నేరుగా నడుముకి వస్తుంది. చక్రాలు పైభాగం బయటికి వాలిపోతాయి. అందుకే లేపిన తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. చేయలేదు. అడిగితే "ఓ వెయ్యి కిలోమీటర్లు తిరిగాక చేయిద్దాం" అన్నారు. 900 తిరిగాను. ఇవాళ టైరు బయటి అంచు చేత్తో నిమిరి చూస్తే ఒకవైపు నున్నగా, వెనక్కి నిమిరితే రంపం పళ్లలా తగిలింది. కొత్త టైర్లు అవి. దసరాకి వేయించాను.

ముందు లేపింది ఎక్కువ, వెనక తక్కువ, కాబట్టి హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల్లోకి కొడుతున్నాయి. లంబసింగి పొగమంచులో తెల్లవారుజామున లైటు పైకి కొడితే ఎలా ఉంటుందో అక్కడ తోలినవాళ్లకి తెలుసు, ఎదురుగా తెల్ల గోడ కట్టినట్టుంటుంది. ఎదురొచ్చే ప్రతి టూరిస్టు కారూ డిప్పర్ కొట్టి తిట్టుకుంటూ పోతోంది. హెడ్‌లైటు కిందకి దించడానికి ఒక స్క్రూ తిప్పాలి, ఒక్క నిమిషం పని, అది కూడా చేయలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, బ్రేకు సంగతి ఒక ఎత్తు. చాలా పికప్ బండ్లకి వెనక యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య సన్నటి రాడ్డుతో ఒక వాల్వు ఉంటుంది. లోడు వేస్తే తొట్టి కిందకి దిగుతుంది, రాడ్డు కదులుతుంది, వెనక బ్రేకులకి ఎక్కువ ప్రెషర్ ఇస్తుంది. బండి ఖాళీగా ఉంటే తక్కువ ఇస్తుంది, చక్రాలు పట్టేసి జారకుండా. ఇప్పుడు మధ్యలో రెండంగుళాల దిమ్మ పెట్టారు కదా, లోడు వేసినా ఆ వాల్వు బండి ఖాళీగానే ఉందనుకుంటుంది. పోయిన వారం ఏడు క్వింటాళ్ల కాఫీతో ఘాట్ దిగుతుంటే పెడల్ ఎంత తొక్కినా బండి ముందుకు తోసుకుంటూ పోతోంది, ముందు బ్రేకుల దగ్గర కాలిన వాసన. నేను బ్రేక్ ప్యాడ్లు అయిపోయాయేమో అనుకున్నాను. పక్క సీట్లో మా అన్న కొడుకు ఉన్నాడు, పదకొండేళ్లు. ఆ రాడ్డు బ్రాకెట్ రెండంగుళాలు జరిపితే సరిపోయేది. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, నేను ఇవాళ కిందకి దూరినప్పుడు రాడ్డు ఎటు వంగి ఉందో చూసి నాకు నేను తెలుసుకున్నాను. యూ బోల్టుల మీద స్పానర్ వేసి చూస్తే ఒక నట్టు దాదాపు ముప్పావు చుట్టు తిరిగింది. కొత్త యూ బోల్టులు వేస్తే కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలని కమాన్ పని చేసే ఏ కుర్రాడైనా చెప్తాడు. వీళ్లు ఒక్క ఫోన్ చేయలేదు. కానీ రీల్ మాత్రం పెట్టారు. నా బండి, నా నంబరు ప్లేటు, పొగ, పాట, కింద నిప్పుల బొమ్మలు. ఇంకా ఉంది అది.

ఇప్పుడు అసలు మంట దగ్గరికి వస్తాను. నాకు ఎత్తు ఎందుకు కావాలి? రీల్ కోసమా? చింతపల్లి దాటి మెయిన్ రోడ్డు వదిలాక మా ఊరికి మూడు కిలోమీటర్లు మట్టి దారి. ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా మోకాలి లోతు గాడులు, మధ్యలో గట్టు. 2022 ఆగస్టులో మా వదినకి నొప్పులొచ్చినప్పుడు, రాత్రి పదకొండున్నరకి, ఇదే బండిలో వెనక పరుపు వేసి పడుకోబెట్టి బయల్దేరాం. ఫోర్ ఎల్, అంటే నాలుగు చక్రాలూ మెల్లగా బలంగా లాగే గేరు, వేశాను. కిలోమీటరు కూడా పోలేదు, వెనక యాక్సిల్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ గుండు ఆ గట్టు మీద కూర్చుండిపోయింది. నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి, బండి కదలదు. వానలో పార పట్టుకుని గట్టు తవ్వాం, మట్టి కాదు, రాయి. చివరికి ఊళ్లోవాళ్లు వచ్చి దుప్పటీ కర్రకి కట్టి డోలీలో మోసుకుపోయారు, రెండు కిలోమీటర్లు, చీకట్లో. నేను బండి దగ్గర నిలబడిపోయాను, టార్చిలైటు వెలుగు దూరమయ్యేదాకా చూస్తూ. తల్లీ బిడ్డా బతికారు, అది మా అదృష్టం. రోడ్డు మంజూరైంది అనే మాట నేను ఇంటర్ చదివే రోజుల నుంచి వింటున్నాను. ఒకసారి కొలతలు తీశారు, ఒకసారి కంకర కుప్పలు పోశారు, ఆ కుప్పల మీద ఇప్పుడు గడ్డి మొలిచింది. ఫోర్ బై ఫోర్ అంటే కొందరికి సరదా, శనివారం అడ్వెంచర్. మాకు అది అంబులెన్సు.

ఆ రాత్రి తగిలింది వెనక యాక్సిల్ గుండు. స్ప్రింగులు లేపితే ఛాసిస్ లేస్తుంది, తొట్టి లేస్తుంది, యాక్సిల్ మాత్రం చక్రాల మధ్యనే ఉంటుంది, ఒక్క వెంట్రుకవాసి కూడా లేవదు! దాన్ని లేపేది టైరు ఒక్కటే. నా 235/70 టైర్ల బదులు 245/75 వేస్తే టైరు ఎత్తు దాదాపు నాలుగు సెంటీమీటర్లు పెరుగుతుంది, అందులో సగం, రెండు సెంటీమీటర్లు, గుండు లేస్తుంది. దానికితోడు కుంగిన కమాన్లు మార్చి కొత్తవి వేస్తే బండి మామూలు ఎత్తుకి వచ్చేది, మిగతా పొట్ట భాగం తగలకుండా ఉండేది. నాకు కావాల్సింది అంతే. 41 వేలు పెట్టి నేను లేపించుకున్నది ఆ రాత్రి తగలని చోటు, ఆ రాత్రి తగిలిన చోటు అక్కడే ఉంది, ఇవాళ టేపు పెట్టి కొలిచాను.

బండి షాపు ముందు ఆపినప్పుడు "ఎక్కడ తగులుతోందన్నా?" అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడిగిందల్లా "రెండంగుళాలా, మూడంగుళాలా?" నేను కూడా రెండు అన్నాను. నాకు తెలియదు, తెలిసినవాళ్ల దగ్గరికే కదా వెళ్లాను. జ్వరమని వెళ్తే డాక్టరు "తెల్ల మాత్రలా, ఎర్ర మాత్రలా?" అని అడిగినట్టుంది ఇది.

ఇంకొకటి కూడా ఎవరూ చెప్పరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన బండిని ఇలా మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, అదే ఏడాది సవరించిన చట్టంలో ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పెట్టారు. నా ఆర్సీకి ఈ ఏడాది పదిహేనేళ్లు నిండుతాయి, ఫిట్‌నెస్‌కి తీసుకెళ్లాలి. ఈ దిమ్మలతో తీసుకెళ్లి ఏం చెప్పను? పట్టుబడితే కట్టేది బండి ఓనరు, రీల్ పెట్టినవాడు కాదు. కుంగిన కమాన్లు మార్చి పాత ఎత్తుకి తెచ్చుకుంటే ఆ గొడవే లేదు, అది రిపేరు.

సాయంత్రం బండిని మెల్లగా ఇరవైలో తోలుకుంటూ ఇంటికి తెచ్చాను. నర్సీపట్నంలో పాత కమాన్ మేస్త్రి ఒకాయన ఉన్నారు, లారీల పనే చేస్తారు, ఫోన్ చేశాను. ఆయన మొదట అడిగింది "లోడు ఎంత వేస్తావు బాబూ, ఏ దారిలో తోలతావు?" అని. గొంతులో ఏదో అడ్డం పడింది నాకు. అన్నీ చెప్పాను, గట్టు సంగతి కూడా. దిమ్మలు తీసేసి కొత్త కట్టలు వేద్దాం అన్నారు, బ్రేకు వాల్వు దగ్గరుండి చూస్తానన్నారు. ముందు టార్షన్ బోల్టు పాత స్థానానికి తేవాలంటే ఎన్ని చుట్లు బిగించారో తెలిస్తే పని తేలిక అన్నారు.

వెంటనే షాపుకి మళ్లీ చేశాను. డబ్బులు అడగలేదు, తిట్టలేదు. "ఎన్ని చుట్లు తిప్పావో అది చెప్పు చాలు" అన్నాను. కాసేపు ఆగి, "గుర్తులేదన్నా, రెండు వైపులా ఒకేలా ఉండదు కదా, కళ్లతో చూసి తిప్పేశాం" అన్నాడు.